పలమనేరు నుంచి దిగిన కంప్యూటరు

చిత్తూరులో పంకజాక్షి ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లకు ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు. కుర్చీలో కీబోర్డు ఉండేది, మంచం మీద మూత ఊడదీసిన మానిటరు ఉండేది. వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడి, నిలబడే కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. పంకజాక్షికి అది పట్టేది కాదు. తనూ కూర్చునే మనిషి కాదు.

ఆమె మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టైపిస్టు. టైపు హయ్యరు పాసై, పెళ్లయిన మరుసటేడు, ఎనభై ఎనిమిదిలో ఉద్యోగంలో చేరింది. ఇంకో రెండేళ్లకు ఆఫీసులోకి కంప్యూటరు వచ్చింది. మేనేజరు అమర్‌నాథ్ దాని కోసం ఒక గది ప్రత్యేకంగా కట్టించి, ఏసీ పెట్టించి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించాడు. బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి మూడు రోజులు నేర్పించి పోయాడు. మిగతాదంతా పంకజాక్షి సొంతంగా నేర్చుకుంది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో, లోపల ఏ డిస్కు గరగరమంటే ఏ పని నడుస్తున్నట్టో చెవితోనే చెప్పగలిగేది. తొమ్మిదేళ్లపాటు ఆ గదిలో ఆమె మాటకు ఎదురులేదు.

తొంభై తొమ్మిదిలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. మౌసులు, రంగుల బొమ్మలు వచ్చాయి. పాతదాన్ని ఇద్దరు కూలీలు ఎత్తుకుపోయి గోదాములో, గుజ్జు డ్రమ్ముల పక్కన పడేశారు. కాయల సీజను. నేలంతా జిగట. పంకజాక్షి మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కున్నాక కాళ్లు వాటంతటవే గోదాము వైపు నడిచేవి. వెళ్లి చూసేది, తిరిగి వచ్చేది. నాలుగో రోజు కీబోర్డులోకి చీమల బారు పోతూ కనిపించింది. తిన్నగా అమర్‌నాథ్ గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ పాతది నాకిస్తారా?"

"ఏం చేసుకుంటావమ్మా? దాంట్లో ఇప్పుడు ఏ పనీ కాదే!"

"అయినంతే కానీండి సార్."

ఆయన నవ్వి, పాత ఇనుము కిందికి లెక్కగట్టి ఇచ్చేశాడు. ఆటోలో ఇంటికి తెచ్చింది. కీబోర్డు విప్పితే లోపల చీమలు తెల్లటి గుడ్లు పెట్టి కాపురం చేస్తున్నాయి. ఒక్కో మీటనూ చెంచా కాడతో పైకి లేపింది. కుంకుడు రసంలో కడిగి, చేటలో పోసి మిద్దెమీద ఆరబెట్టింది. పక్కింటి తాయమ్మ పిట్టగోడ మీదుగా తొంగిచూసి, "ఏందక్కా అది, అక్షరాల ఒడియాలు పెట్టినావా?" అంది.

అన్నీ తిరిగి బిగించి స్విచ్చి వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. దాని కరెంటు డబ్బాను సంకలో పెట్టుకుని బజారులో టీవీలు బాగుచేసే ఢిల్లీబాబు అంగడికి పోయింది. అతను లోపల ఉబ్బిపోయిన భాగం ఒకటి చూపించి, "ఇది మార్చాలక్కా, రేపు రా" అన్నాడు. పంకజాక్షి పోలేదు. బల్ల పక్కనే నిలబడింది. సోల్డరింగ్ ఐరన్ ఎలా పట్టుకుంటున్నాడో, టంకం ఎంత కరిగితే ఆపుతున్నాడో చూస్తూ ఉంది. మరుసటి వారం అతని అంగడిలోనే పనికిరాని రేడియో సర్క్యూటు పలకల మీద తన చేత్తోనే టంకం వేస్తూ, రెండు వేళ్లు కాల్చుకుంది.

ఆ కంప్యూటరు లేచింది. పచ్చటి అక్షరాలు కనబడ్డాయి. మూడు రోజులు పంకజాక్షి దాని ముందునుంచి కదల్లేదు. నాలుగో రోజు మళ్లీ మామూలే. చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇల్లంతా తిరగడం, అల్మరా సర్దిందే సర్దడం, కిటికీ తెరవడం, మూయడం.

భర్త జయరావు ఆర్టీసీలో కండక్టరు. పంకజాక్షికి మేనత్త కొడుకే. ఆయనకు కంప్యూటర్ల మీద మోజు లేదు. ఇంట్లో మనిషి కాలు నిలిస్తే చాలుననుకునేవాడు. బస్సులో ఊళ్ల కబుర్లన్నీ ఆయన చెవిన పడేవి. ఒకరోజు డ్యూటీ దిగివచ్చి, "పాకాలలో హోమియో డాక్టరు ఒకాయన దగ్గర పాతది ఉండాదంట. వాళ్లావిడ తీసిపారేయమంటా ఉండాదంట. సూస్తావా?" అన్నాడు. పంకజాక్షి అప్పుడే చెప్పులేసుకుంది. అలా రెండోది వచ్చింది. పుత్తూరు ప్రెస్సు నుంచి మూడోది. జయరావు వాటిని వెనక సీటు కింద పెట్టి, తనే సామాను టికెట్టు కొట్టి, తనే జేబులో పెట్టుకునేవాడు.

రెండువేల రెండు, మాఘమాసంలో మునిరామయ్య సంగతి తెలిసింది.

ఆయన పలమనేరు హైస్కూల్లో లెక్కల అయ్యవారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఎనభైల్లో ఆ బడికి ఒక చిన్న కంప్యూటరు వచ్చింది. కీబోర్డు, యంత్రం అంతా ఒకే పెట్టె, మామూలు టీవీకి తగిలిస్తే నడిచే రకం. తర్వాత బడివాళ్లు దాన్ని వేలం వేస్తే ఆయనే పాడుకుని, దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇస్తానంటున్నాడు. పంకజాక్షి ఆదివారం మొదటి బస్సుకే మొగిలి ఘాటు ఎక్కింది. పైన పలమనేరులో చలిగా ఉంది. కొంగు భుజాల నిండా కప్పుకుని ఆ ఇంటి తలుపు తట్టింది.

మునిరామయ్య సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముందు ఆమెను పరీక్ష చేశాడు.

"అమ్ముకునేదానికా, అంగడిలో బొమ్మ మాదిరి పెట్టుకునేదానికా?"

"నడిపేదానికి అయ్యవారూ."

"నడిచేదాన్ని నడిపేదేముండాది! సూడు." టీవీకి తగిలించి స్విచ్చి వేశాడు. నిజంగానే నడిచింది. గంటసేపు ఏ తడబాటూ లేదు.

వచ్చేటప్పుడు ఆయన ఒక క్యాసెట్టు చేతిలో పెట్టాడు. బడిలో ఉండగా తెలుగు అక్షరాలు తెరమీద కనబడేలా ఒక ప్రోగ్రాము రాశాడట. ఆ యంత్రంలో ఒక అక్షరానికి అడ్డం ఎనిమిది చుక్కలు, నిలువు ఎనిమిది చుక్కలు, అంతే చోటు. "రకారం పడతాది, గకారం పడతాది. ఝకారం యాడ పడతాది? అందుకని రెండేసి గడులు కలిపినా. సగంలో ఉండంగా బడివాళ్లు యంత్రాన్ని గదిలో పెట్టి తాళమేసేసినారు. నా టేపు రికార్డరు చెడిపోయింది, నేను సూసి పదిహేనేండ్లాయ. మీ ఊళ్లో పెట్టుకుని సూడు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే చిత్తూరులో తగిలించింది. టేపులోని ప్రోగ్రాము యంత్రంలోకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టాలి. రికార్డరు కీచుకీచుమంటోంది, తెరమీద అంకెలు పెరుగుతున్నాయి. పావుగంట గడిచేసరికి ఎవరో గుప్పెడు పేలాలు చల్లినట్టు తెర నిండా చుక్కలూ గీతలూ పడ్డాయి. మీటలు నొక్కితే పలకలేదు. ఆపి మళ్లీ వేసింది. పది నిమిషాలకు మళ్లీ అదే. మూడోసారి ఐదు నిమిషాలకే.

బస్సు కుదుపులకు ఏదో కదిలి ఉంటుందనుకుంది. మూత విప్పి ప్రతి చిప్పునూ వేలితో నొక్కి కూర్చోబెట్టింది. అనుమానమున్న చోటల్లా టంకం కొత్తగా వేసింది. లాభం లేదు. కరెంటు తక్కువ వస్తోందేమోనని ఢిల్లీబాబు దగ్గర స్టెబిలైజరు తెచ్చి పెట్టింది. లాభం లేదు. ఉద్యోగానికి పోయేముందు ఒకసారి వేసి చూసేది. ఆ వేళప్పుడు అరగంట బాగానే నడిచేది. ఆశపడి టేపు పెట్టబోతే ఆఫీసుకు టైమయ్యేది. సాయంత్రం వచ్చి వేస్తే మళ్లీ పేలాలు.

అసలే కాలు నిలవని మనిషి, ఇప్పుడు చేయీ నిలవడం లేదు. పొయ్యిమీద పప్పు మాడిపోయింది. ఆఫీసులో డ్రమ్ముల నంబర్లు ఒకదాని బదులు ఒకటి టైపు చేసి, అమర్‌నాథ్ చేత మాట పడింది. జయరావు పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే సగంలో లేచి వెళ్లి మూత విప్పేది.

"నేను మాట్లాడతా ఉండా పంకజా!"

"వింటానే ఉండా బావా, చెప్పు."

"ఏం చెప్పినానో చెప్పు సూస్తాం."

ఆమె మూత వైపు చూసింది. ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. మామూలుగా కోపం తెచ్చుకునే మనిషి కాదు. పంకజాక్షికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు.

మార్చిలో ఒకరోజు సెలవు పెట్టి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఘాటు ఎక్కింది. ఆ తొందరలో టేపు రికార్డరు ఇంట్లోనే మరిచిపోయింది. మునిరామయ్య తన టీవీకి తగిలించాడు. రెండు గంటలు నడిచింది. ఒక్క చుక్క కూడా తప్పు పడలేదు.

"నా దగ్గిర బాగుండేది నీ దగ్గిర ఎందుకు చెడతాది?" అన్నాడాయన. మామూలుగానే అన్నాడు. కానీ తిరుగు బస్సులో ఆ మాట ఆమెను పలమనేరు నుంచి చిత్తూరు దాకా పొడుస్తూనే ఉంది. తొమ్మిదేళ్లు ఒక యంత్రాన్ని చెవితో విని నడిపిన మనిషి. కొత్తవి వచ్చాక ఆఫీసులో ప్రతిదీ ఎవరో ఒకరిని అడిగి చేసుకోవాల్సి వస్తోంది. తనకు తెలిసినవి ఈ పాత పెట్టెలే. ఇప్పుడు వీటి దగ్గర కూడా చేతకానిదాన్నయిపోయానా అనుకుంది. ఇంటికి చేరగానే, చెప్పులైనా విడవకుండా తగిలించింది. ఏడు నిమిషాలు.

మూడోసారి ఏప్రిల్ చివర్లో వెళ్లింది. ఈసారి టేపు రికార్డరు, మీటరు, టంకం సామాను అంతా సంచిలో వేసుకుంది. ఆ రోజు మునిరామయ్య ఇంట్లో సున్నాలు వేస్తున్నారు. అందుకని టీవీని వరండాలోకి తెచ్చి, బల్లమీద పెట్టారు. వరండా పడమటి ముఖం. మధ్యాహ్నం అన్నాలయ్యాక టేపు పెట్టారు. అయ్యవారు గోడకానుకుని కూర్చున్నాడు. ఆయన భార్య నిర్మలమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. పది నిమిషాలు, పన్నెండు, పదహారు. కీచుకీచుమంటూ టేపు తిరుగుతోంది. ఎండ వరండా గడప దాటి, బల్ల కాలు ఎక్కి, మెల్లగా పెట్టె మీదికి పాకింది. పద్దెనిమిదో నిమిషంలో తెర నిండా పేలాలు.

"అదిగో!" అని అరిచింది పంకజాక్షి. రెండు నెలలుగా తను చెప్పేది నిజమని ఇంకొకరి కళ్లముందు తేలినందుకు అది ఏడుపో సంతోషమో ఆమెకే తెలియలేదు.

మునిరామయ్య లేచి వచ్చి పెట్టె మీద చేయి పెట్టాడు. వెంటనే తీసేశాడు. "పెనం మాదిరి ఉండాదే!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెట్టెను నీడలోకి జరిపారు. అరగంట ఆగి వేశారు. మళ్లీ మంచిగా లేచింది. బస్సు కుదుపు కాదు, కరెంటు కాదు, ఆమె చేయీ కాదు. చిత్తూరు ఎండ. లోపల ఏదో ఒక చిప్పు వేడెక్కితే మతి తప్పుతోంది. పలమనేరు చలిలో దానికి ఆ వేడి తగల్లేదు.

"ఇంకేం, నీడలో ఉండంగానే టేపు మళ్లీ పెట్టు, అక్షరాలు సూసేద్దాం" అన్నాడాయన.

"వద్దు అయ్యవారూ. ముందు అది ఏదో తెలియాల."

ఆయన తలుపు వైపు తిరిగి, "నిర్మలా, నా సూదిమందు డబ్బా తే" అన్నాడు.

ఆయనకు షుగరు. సూది వేసుకోవడానికి ఇంట్లో దూది, స్పిరిటు ఎప్పుడూ ఉండేవి. మూత విప్పి, పెట్టెను కావాలని ఎండలో పెట్టి, తెర చెడేదాకా కాచుకున్నారు. మెమరీ చిప్పులు ఎనిమిది. వాటిలో దేన్ని చల్లబరిస్తే తెర తేటపడుతుందో అదే చెడ్డది. దూదిని స్పిరిటులో తడిపి మొదటిదాని మీద పెట్టింది. ఆపి వేస్తే మళ్లీ పేలాలు. రెండోదాని మీద పెట్టింది. పేలాలు. సున్నం వేసే మనుషులు పని ఆపి వచ్చి నిలబడ్డారు. ఐదోది కూడా అయింది. పంకజాక్షి చేతిలోంచి దూది జారి కింద పడితే నిర్మలమ్మ కొత్తది తడిపి అందించింది. ఆరోదాని మీద పెట్టి స్విచ్చి వేయగానే తెర కడిగిన పలకలా తేటగా వచ్చింది. దూది ఆరిపోయేదాకా అలాగే నిలిచింది. ఆరగానే మళ్లీ చెడింది. ఇంకో దూది పెడితే మళ్లీ లేచింది.

"ఆరోది," అంది పంకజాక్షి. చాపమీద కూర్చుండిపోయింది.

ఆ చిప్పు చిత్తూరులో దొరకలేదు. తిరుపతిలో దొరకలేదు. శనివారం మద్రాసు బస్సెక్కి, రిచ్చీ వీధిలో పాత పలకలు కుప్పపోసుకుని అమ్మే అంగళ్లన్నీ తిరిగింది. ఒక ముసలాయన సగం అరవం, సగం తెలుగులో, "ఇది ఇప్పో ఎవరుమ్మా అడుగుతారు?" అంటూనే గోనెసంచి విదిలించి నాలుగు ఏరి ఇచ్చాడు. అందులో రెండు పనిచేశాయి.

చిప్పు మార్చాక దాన్ని చల్లటి చోట పరీక్షించలేదు. మే నెల, కత్తెర ఎండలు. మిద్దెమీద రేకుల గదిలో, మిట్టమధ్యాహ్నం, కిటికీ కూడా మూసి పెట్టింది. జయరావుకు ఆ రోజు వారపు సెలవు. ఆయన బనీను తడిసి ముద్దయింది, అయినా దిగిపోలేదు. విసనకర్రతో ఆమెకు విసురుతూ, యంత్రానికి గాలి తగిలితే ఆమె కోప్పడుతుందని చేయి పక్కకు తిప్పి విసురుతున్నాడు. ఇరవై రెండు నిమిషాలకు టేపు ఆగింది. నల్లటి తెరమీద తెల్లటి చుక్కలతో 'అ' వచ్చింది. మీట నొక్కితే 'ఆ'. తర్వాత 'ఇ'.

"తెలుగే!" అన్నాడు జయరావు.

అచ్చులైపోయి, హల్లుల్లో 'ణ' దాకా వచ్చి ఆగిపోయాయి.

మరుసటి ఆదివారం జయరావు తన బస్సులోనే మునిరామయ్యను ఘాటు దింపి తీసుకొచ్చాడు. ఆయన మెట్లెక్కి వచ్చి తెర ముందు కూర్చున్నాడు. మురిసిపోతాడనుకుంది పంకజాక్షి. ఆయన మొహం చిట్లించాడు.

"ఈ ఘకారం సూడు, కాలు విరిగిన కోడి మాదిరి ఉండాది! ఎవుడన్నా ఇట్ల గీస్తాడా? కాగితం ఉండాదా, గళ్ల కాగితం?"

ఇచ్చింది. ఆయన సాయంత్రం దాకా తల ఎత్తలేదు. చుక్క పెట్టడం, చెరపడం, లేచి రెండడుగులు నడవడం, వచ్చి మళ్లీ కూర్చోవడం. ఇంకో మనిషి ఇలా ఉండటం పంకజాక్షి మొదటిసారి చూసింది. ఆమె కాఫీ పెట్టి తెస్తే చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి తెస్తే అదీ చల్లారింది. ఆఖరికి బస్సు వేళ అవుతోందని జయరావు చేయి పట్టుకుని లేపాడు. వెళుతూ వెళుతూ గుమ్మంలోనుంచి తిరిగి పెట్టె వైపు చూశాడు.

ఆ వారమంతా పంకజాక్షికి మనసు మనసులో లేదు. యంత్రం ఎండలోనూ నీడలోనూ చక్కగా నడుస్తోంది. దాంతో ఆమెకు చేయడానికి ఏమీ లేదు. దాని కోసం ఎంత తిరిగింది, ఎన్ని మాటలు పడింది! ఇవ్వబుద్ధి కావడం లేదు. ఉంచుకుంటే చూస్తూ కూర్చోవడమే. బుధవారం ఇద్దామనుకుంది, గురువారం వద్దనుకుంది. శుక్రవారం పొద్దున జయరావు డ్యూటీకి బయల్దేరుతుంటే, పెట్టెను దుప్పటిలో చుట్టి, టేపు రికార్డరు, మిగిలిన చిప్పు కూడా అందులో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"అయ్యోరికిచ్చెయ్ బావా."

"నిజంగానా? మళ్లీ రేపు ఏడిస్తే?"

"ఏడిస్తే ఏడుస్తా. ఆయన దగ్గిర పనుండాది దానికి. ఎక్కు, బస్సు పోతాది."

ఏడవలేదు గానీ, ఆ రోజు ఆఫీసులో ఎవరు పలకరించినా విసుక్కుంది.

మునిరామయ్య 'ణ' దగ్గర ఆగిపోయినవాటిని ఆ వానాకాలంలో 'ళ' దాకా లాక్కొచ్చాడు. అప్పుడప్పుడు కార్డు రాసేవాడు. కుశల ప్రశ్నలుండేవి కావు. "ధకారం పొట్టలో చుక్క కనబడడం లేదు," "ఒత్తులకు కింద చోటు చాలడం లేదు" అని ఉండేది. దసరా ముందు వచ్చిన కార్డులో, "క్షకారం నాకు లొంగడం లేదు. వీలైతే ఆదివారం రా" అని ఉంది.

వెళ్లింది. వరండాలో ఇద్దరూ గళ్ల కాగితం మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. పైగడి తగ్గించి కిందిగడి పెంచమని ఆమె, అలా చేస్తే 'క' తల తెగిపోతుందని ఆయన. గొంతులు పెరిగాయి. నిర్మలమ్మ లోపలినుంచి వచ్చి, "మీ ఇద్దురికీ ఏమైనా పట్టిందా? సంగటి ఆరిపోతా ఉండాది, లేయండి" అని కేకలేసింది. లేచి తిన్నారు గానీ, పంకజాక్షి ఎడమ చేత్తో కాగితం మీద చుక్కలు పెడుతూనే ఉంది. మూడు గంటల వేళకు 'క్ష' ఒక మాదిరిగా కుదిరింది. మునిరామయ్యకు నచ్చలేదు. చెరిపేసి, ఇంకో కాగితం తీశాడు.